బత్తాయి పాట పాడితే కామెడీ అనుకున్నారు – సిటీలో మన సొంత పాటకు జాగా ఉందా?

పానగల్_గిటార్
ఆదివారం, రాత్రి 1:20

అందరికీ నమస్తే. పాత నల్గొండ, పాలమూరు జిల్లాల నుంచి వచ్చి హైదరాబాద్‌లో పాడుకునేవాళ్లు, వాయించుకునేవాళ్లు ఇక్కడ బాగానే ఉన్నారని పాత చర్చలు చదివితే అర్థమైంది, అందుకే అడుగుతున్నా. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మాది పానగల్. రెండేళ్లుగా దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటున్నా, పగలు మాదాపూర్‌లో ఉద్యోగం, రాత్రి గిటార్. సొంతంగా పదకొండు పాటలు కట్టుకున్నా, అన్నీ మన మాటలోనే. నిన్న జూబ్లీహిల్స్ వైపు ఒక చోట ఓపెన్ మైక్ ఉంటే పోయాను. మనిషికి రెండు పాటలు. నాకంటే ముందు పాడినవాళ్లంతా హిందీ, ఇంగ్లీషు. నేను మా నాయన మీద రాసిన పాట ఎత్తుకున్నా. చిన్నప్పుడు తోట కోత కాగానే బత్తాయి లోడు మీద ఎక్కి నాయనతో పాటు కొత్తపేట మార్కెట్‌కు వచ్చేవాణ్ని, నేను సిటీని మొదట చూసింది లారీ మీద నుంచే. ఇప్పుడు ఆ మార్కెట్ అక్కడ లేదు, బాటసింగారం తరలిపోయింది. లారీ సిటీ లోపలికి రాకుండానే ఖాళీ అయి వెనక్కి పోతుంది. నాయన మాత్రం ఇప్పటికీ ఫోన్లో "కొత్తపేట పోతున్న బిడ్డా" అనే అంటాడు. పాట అంతా ఇదే. నవ్వే పాట కాదు.

పల్లవిలో "బత్తాయి" అనగానే ముందు బల్ల దగ్గర నలుగురు పకపకా నవ్వారు. ఆన్‌లైన్‌లో బత్తాయి అంటే బీజేపీ వాళ్లను ఎగతాళి చేసే తిట్టు కదా. వాళ్లను చూసి వెనక బల్ల వాళ్లు, రెండో చరణానికి హాలంతా. "పోయినం" అన్నప్పుడల్లా ఈలలు. దిగాక ఒకాయన భుజం తట్టి "బ్రో, టైమింగ్ అదిరింది, స్టాండప్ ట్రై చెయ్" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు, అది ఇంకా బాధ.

రెండో సంగతి. అదే పాట ఫోన్‌లో విన్న ఒక ఫోక్ సాంగ్స్ చానెల్ వాళ్లు, బీట్ పెంచి డాన్సర్లను పెట్టి తీస్తాం, ఒకేసారి 15 వేలు ఇస్తాం, ఈ కాగితం మీద సంతకం పెట్టు అంటున్నారు. అటు పబ్బులో కామెడీ, ఇటు చానెల్లో డీజే. మధ్యలో నా పాట నా పాటలా ఉండే చోటు సిటీలో ఎక్కడైనా ఉందా? లేకపోతే ఊరికి పోయి మంచిగా తోట చూసుకోమంటారా?


మిర్యాలగూడ_మిల్లు
ఆదివారం, ఉదయం 7:05

ముందు పాట పెట్టు తమ్మీ. సలహాలు ఎక్కడికి పోతాయి.


లాస్ట్_బస్_జడ్చర్ల
ఆదివారం, ఉదయం 9:40

తమ్మీ, నేను పదిహేనేళ్ల నుంచి సిటీలో బేస్ గిటార్ వాయిస్తున్నా, నాలుగు బ్యాండ్లు మారాను, రెండు నా కళ్ల ముందే విడిపోయాయి, ఒకటి నా వల్లే విడిపోయింది. కాబట్టి కొంచెం చెప్పొచ్చు అనుకుంటున్నా.

మొదటిది, నువ్వు పోయిన చోటు పాట వినే చోటు కాదు. అక్కడికి జనం తినడానికి, తాగడానికి, వారం అలసట తీర్చుకోవడానికి వస్తారు. మధ్యలో ఒకడు గిటార్ పట్టుకుని వాళ్ల నాయన గురించి పాడుతున్నాడు. తప్పు నీది కాదు, వాళ్లది కూడా పూర్తిగా కాదు. అక్కడ కవర్లు, అంటే వేరేవాళ్ల పాటలు పాడి డబ్బులు తెచ్చుకోవాలి, సొంత పాట వేరే చోట పాడుకోవాలి. నేను పదిహేనేళ్లుగా చేస్తున్నది ఇదే. శుక్ర, శనివారాలు ఎవరివో పాటలు వాయిస్తా, ఆ డబ్బుతో మా పాటలు రికార్డు చేసుకుంటాం. సిగ్గేం లేదు.

వేరే చోటు అంటే ఏది అంటావు. బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదిక 2010లో మొదలైంది. నేను మొదటిసారి సొంత పాట వాయించింది అక్కడే. టీ, సమోసా తెచ్చుకుని కూర్చున్న జనం, వెనక పెద్ద బండ, ముందు చిన్న స్టేజీ. ముప్పై మంది ఉన్నారేమో, ముప్పై మందీ విన్నారు. అంతకు ముందు మా బ్యాచ్‌కి తెలుగులో పాడాలంటేనే భయం, రాక్ అంటే ఇంగ్లీషే అనుకునేవాళ్లం. చౌరస్తా లాంటి బ్యాండ్లు వచ్చాకే తెలుగులో సొంత పాట కూడా స్టేజీ మీద నిలబడుతుందని మాలో చాలామందికి ధైర్యం వచ్చింది. నువ్వు ఇంకో అడుగు ముందుకేసి నల్గొండ మాటలో పాడుతున్నావు, కొంచెం టైం పడుతుంది.

రెండోది, ఇది అడిగితే కోపం రావద్దు. ఈ రెండేళ్లలో వేరేవాళ్ల షోలకు నువ్వు ఎన్నిటికి పోయావు? పాడటానికి కాదు, వినడానికి. సిటీలో మ్యూజిక్ కమ్యూనిటీ అని పెద్ద పేరు పెడతాం గానీ, నిజానికి ఒకరి షోకు ఒకరు వచ్చే నలభై, యాభై మంది అంతే. డ్రమ్మర్‌కు జ్వరమొస్తే ఎవరిని పిలవాలో, ఏ చోట ఆర్గనైజర్ డబ్బులు ఎగ్గొడతాడో, ఎవరి దగ్గర స్పేర్ కేబుల్ ఉందో, అంతా ఆ యాభై మంది మధ్యే తిరుగుతుంది. పాడి దిగిపోయి బస్సెక్కేవాడి ముఖం ఎవరికీ గుర్తుండదు. నేను మొదటి మూడేళ్లు అలాగే చేశా. షో అవగానే లాస్ట్ బస్ కోసం ఉరుకుడు. ఒకసారి అది కూడా తప్పిపోయి ఇమ్లిబన్ బస్టాండులో బేస్ కేసును కౌగిలించుకుని పొద్దున దాకా పడుకున్నా. ఆ పేరే పెట్టుకున్నా ఇక్కడ.


సౌండ్‌చెక్_కల్వకుర్తి
ఆదివారం, ఉదయం 11:15

నేను మైకుల వెనక ఉండేవాణ్ని కాబట్టి వేరే అనుమానం చెప్తా. జనం నవ్వింది యాసకు కాకపోవచ్చు.

చిన్న హాలు, పైన రేకులో అద్దాలో, గిటార్ నేరుగా మిక్సర్‌లోకి గుచ్చి ఉంటావు, డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపడేలా మార్చే చిన్న పెట్టె) ఉందో లేదో చూసుకోలేదు, గిటార్‌లో ఉన్న తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఎప్పుడు మార్చావో నీకే తెలియదు. అప్పుడు గిటార్ బేస్ అంతా గుమ్‌మని మోగుతుంది, నీ గొంతులో మాటలు అందులో మునిగిపోతాయి. పది మాటల్లో ఒక్క మాట బయటికి వస్తుంది. నీ కర్మ కొద్దీ వచ్చిన ఆ ఒక్క మాట బత్తాయి. లారీ, నాయన, కొత్తపేట ఇవేవీ వాళ్లకు వినబడనే లేదు. ఎవడో గిటార్ పట్టుకుని బత్తాయి బత్తాయి అంటున్నాడు అనుకున్నారు, నవ్వరా మరి?

ఈసారి గంట ముందు పో. సౌండ్ అబ్బాయి పేరు అడుగు, టీ తాగించు. గిటార్ బేస్ తగ్గించు, గొంతు ముందుకు తే అని చెప్పు. కండెన్సర్ మైక్ ఇస్తే వద్దను, అలాంటి చోట అది హాలంతా పట్టుకుని కూ అంటుంది, మామూలు డైనమిక్ మైక్ నోటికి దగ్గరగా పెట్టుకుని పాడు. మన వాళ్లు మొహమాటానికి సౌండ్‌చెక్ అడగరు, తర్వాత ఊరంతా తిరిగి సౌండ్ బాగాలేదని చెప్తారు.


దేవరకొండ_కోట
ఆదివారం, మధ్యాహ్నం 2:30

అందరి మాటా బాగుంది గానీ రెండు విషయాల్లో నాకు పడలేదు.

సౌండ్‌చెక్ అన్నా, యాసకు నవ్వలేదు అని అంత తేలిగ్గా తీసేయకండి. నేను పాడేదాన్ని, నాకు తెలుసు. ఎన్నో ఏళ్లు సినిమాల్లో మన మాట మాట్లాడేది రౌడీ, లేకపోతే కమెడియన్. చెవికి అలవాటైపోయింది. "వచ్చిన" అనగానే వాళ్ల పెదవి దానంతట అదే సాగుతుంది. సౌండ్ ఎంత బాగున్నా అది పోదు. నేనేం చేస్తానంటే, పాటకు ముందు మాట్లాడను, హమ్మింగ్‌తో మొదలుపెట్టి ఒక నిమిషం దాకా మాటే రానివ్వను. ఆ నిమిషంలో హాలు ఊరుకుంటే అప్పుడు పాట. ఊరుకోకపోతే ఆ రోజు ఆ పాట పాడను, వేరేది పాడి దిగిపోతా. పాటను కూడా కాపాడుకోవాలి కదా.

ఇక లాస్ట్ బస్ అన్నా, ఇమ్లిబన్‌లో పడుకున్న ముచ్చట మీకు కథ. మాకు కుదరదు. షో పదిన్నరకు అయితే, అందరితో నిలబడి మాట్లాడి, పరిచయాలు పెంచుకుని బయటపడేసరికి మెట్రో కూడా ఉండదు. హైటెక్ సిటీ వైపు నుంచి అమీర్‌పేటలో మారి ఎల్బీ నగర్ చేరాలి, అక్కడి నుంచి హయత్‌నగర్ రూముకు ఆటో. ఆటో డబ్బులు ఆ రోజు పాడిన డబ్బులకు సమానం. "ముఖం గుర్తుండాలంటే ఆగాలి" అంటారు, ఆగలేనివాళ్ల ముఖం ఎలా గుర్తుంటుంది? ఈ కమ్యూనిటీలో ఆడపిల్లలు తక్కువ ఎందుకని ప్రతి ఏడాది ఎవరో ఒకరు అమాయకంగా అడుగుతారు. షోలు ఏడింటికి మొదలుపెట్టి చూడండి.

తమ్మీ, చానెల్ సంగతి. నేను ఒకరికి పాడాను. ఏడు వేలు ఇచ్చారు. వీడియోలో డాన్స్ చేసిన అమ్మాయి ముఖం అందరికీ తెలుసు, నా పేరు కింద డిస్క్రిప్షన్‌లో వెతుక్కోవాలి. అది కాదు అసలు బాధ. తర్వాత నేను స్టేజీ మీద పాడిన వీడియో నా సొంత చానెల్లో పెడితే నాకే కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. అది మా నాయనమ్మ బతుకమ్మ దగ్గర పాడే పాట!


వనపర్తి_ఖాతా
ఆదివారం, సాయంత్రం 6:10

నేను పాడను, వాయించను, లెక్కలు చూస్తా, ఇద్దరు ముగ్గురు మ్యూజిషియన్లకు కాగితాలు కూడా చూస్తా.

దేవరకొండ అక్కా, నాయనమ్మ పాట ఎవరి సొత్తూ కాదు. వాళ్లకు హక్కు ఉన్నది వాళ్లు చేసిన రికార్డింగు మీద, వాళ్లు కట్టిన కొత్త సంగీతం మీద. నువ్వు నీ గొంతుతో, నీ వాయిద్యాలతో పాడితే అది వేరే రికార్డింగ్. యూట్యూబ్‌లో డిస్ప్యూట్ వెయ్యి. క్లెయిమ్ చేసినవాళ్లకు 30 రోజుల గడువు ఉంటుంది, వాళ్లు ఏం చెప్పకపోతే క్లెయిమ్ దానంతట అదే పోతుంది. చాలామంది భయపడి వీడియో తీసేస్తారు, దాని మీదే వాళ్ల ధైర్యం.

పానగల్ తమ్ముడు ఆ కాగితంలో ఏముందో రాస్తే చెప్తా. మొత్తం కాదు, "హక్కులు" అన్న మాట ఎక్కడెక్కడ ఉందో ఆ లైన్లు చాలు.


పానగల్_గిటార్
ఆదివారం, రాత్రి 10:45

అన్నా, అక్కా, అందరికీ థాంక్స్. లాస్ట్ బస్ అన్న అడిగినదానికి జవాబు: వినడానికి పోయినవి రెండేళ్లలో మూడు. అబద్ధం చెప్పను. సౌండ్‌చెక్ అన్నా, బ్యాటరీ గిటార్ కొన్నప్పటిదే. ఇప్పుడే చూశా, చీమిడి కారినట్టు కారింది.

కాగితంలో ఉన్నది: పాట సాహిత్యం, బాణీ, రికార్డింగ్ మీద "సమస్త హక్కులు" శాశ్వతంగా, ప్రపంచమంతటా, ఇప్పుడున్న, ఇక ముందు వచ్చే అన్ని మాధ్యమాల్లో చానెల్‌కే. నేను ఇక ఎలాంటి రాయల్టీ అడగను అని ఒక లైను. సొంత చానెల్లో ఆ పాట పెట్టకూడదు అని ఇంకో లైను.


వనపర్తి_ఖాతా
సోమవారం, ఉదయం 8:20

అనుకున్నా.

చూడు, మన కాపీరైట్ చట్టం 1957ది. 2012లో దాన్ని మార్చారు. ఆ మార్పులో 18వ సెక్షన్‌కు చేర్చింది ఏంటంటే, పాట హక్కు నువ్వు ఎవరికి రాసిచ్చినా సరే, రాసినవాడిగా, బాణీ కట్టినవాడిగా నీకు వచ్చే రాయల్టీలో సమాన వాటాను వదులుకోవడానికి వీల్లేదు. నీ వారసులకు గానీ, రాయల్టీ వసూలు చేసే కాపీరైట్ సొసైటీకి గానీ తప్ప అది ఇంకెవరికీ పోదు. "రాయల్టీ అడగను" అని నువ్వు సంతకం పెట్టినా ఆ లైను చెల్లదు. చెల్లదని చట్టంలో ఉంది నిజమే, కానీ 15 వేల పాట కోసం కోర్టు మెట్లు ఎవరు ఎక్కుతారని వాళ్లకు తెలుసు, అందుకే ఇప్పటికీ అదే లైను టైపు చేయిస్తున్నారు.

ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు. ఎన్నేళ్లకో రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లకే అనుకుంటుంది, ఎక్కడి వరకో రాయకపోతే ఇండియా వరకే. అందుకే వాళ్లు "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని గుర్తుపెట్టుకుని మరీ రాశారు. పాట మీద నీ హక్కు నీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. నీ మనవడికి కూడా ఏదో వచ్చేదాన్ని 15 వేలకు అడుగుతున్నారన్నమాట.

అమ్మదలిస్తే అమ్ము, నేను కాదనను. కానీ సాహిత్యం, బాణీ నీ దగ్గర పెట్టుకుని, వాళ్లు తీసే ఆ ఒక్క వీడియోకు మాత్రం మూడేళ్లో ఐదేళ్లో లైసెన్స్ ఇస్తానని అడిగి చూడు. ముందుగా పాటను నువ్వే ఒక డిస్ట్రిబ్యూటర్ ద్వారా నీ పేరుతో విడుదల చెయ్యి, ప్రతి రికార్డింగ్‌కు 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ కోడ్ వస్తుంది, ఏ రికార్డింగ్ గురించి మాట్లాడుతున్నామో గుర్తించడానికి అది పనికొస్తుంది. ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకో. 1969 నుంచి ఉన్న సొసైటీ అది, పాట రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు రావాల్సింది వసూలు చేస్తుంది. సినిమావాళ్లకే అనుకుంటారు, కాదు.


పాత_ఆర్కెస్ట్రా_సూర్యాపేట
సోమవారం, మధ్యాహ్నం 1:00

పిల్లలు చట్టాలు బాగానే చెప్తున్నారు. నాకు యాభై ఎనిమిది, పెళ్లిళ్లలో, జాతరల్లో ఆర్కెస్ట్రా నడిపినవాణ్ని. పెద్దగట్టు జాతరకు రెండేళ్లకోసారి మా బృందం ఉండాల్సిందే అనేవాళ్లు ఒకప్పుడు. పన్నెండు మందిమి ఉండేవాళ్లం. తర్వాత కీబోర్డు, రిథమ్ ప్యాడ్ వచ్చి ఐదుగురం అయ్యాం, ఆ తర్వాత డీజే బండి వచ్చి ఎవరం లేకుండా పోయాం.

బాబూ, 15 వేలు తీసుకో. పాట నీ దగ్గర పదకొండు ఉన్నాయన్నావు, ఒకటి ఇస్తే పది ఉంటాయి. జనంలోకి పోని పాట పెట్టెలో ఉన్న పట్టుచీర. మా కాలంలో మా పాట ఎవరైనా ఎత్తుకుపోతే సంబరపడేవాళ్లం.


సిర్ర_సిటికెన
సోమవారం, రాత్రి 9:50

పెద్దాయనా, మీరంటే గౌరవం, కానీ ఈ మాట ఒప్పుకోను.

నేను డప్పు. మాది అచ్చంపేట దిక్కు. సంబరపడి సంబరపడే మనవాళ్లు ఇట్లా ఉన్నారు. మా నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్య గారు, పన్నెండు మెట్ల కిన్నెర. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన గొంతు సినిమా పాటలో కోట్ల మంది విన్నారు. 2024లో ఆయన సిటీ శివార్లలో కూలి పనికి పోతున్నాడని వార్త వచ్చింది. జనంలోకి పోలేదా ఆ పాట? పోయింది. మరి డబ్బు ఎటు పోయింది?

అదే 2024లో నారాయణపేట జిల్లా దాసరి కొండప్ప గారికి బుర్రవీణకు పద్మశ్రీ ఇచ్చారు. సంతోషమే. ఇప్పుడు సిటీలో ప్రతి ఫ్యూజన్ బ్యాండుకు ఒక కిన్నెరో డప్పో కావాలి. నన్ను పిలుస్తారు, ధోవతి కట్టుకుని రమ్మంటారు. గిటార్ అతను జీన్స్‌లో ఉంటాడు, నేను మాత్రం ధోవతి. సోలో ముప్పై సెకన్లు. ఫొటోలో ముందుంటా, డబ్బుల లిస్టులో చివర ఉంటా. ఒకసారి అడిగితే "అన్నా, మీకు ఎక్స్‌పోజర్" అన్నారు. మా ఊళ్లో దండోరా వేసినా ఎక్స్‌పోజరే కదా.

తమ్మీ, యాస గురించి బుగులు పడకు. సుద్దాల హనుమంతు గారు జనం నోట్లో ఉన్న మాటతోనే, వాళ్ల బాణీల్లోనే సాయుధ పోరాటం రోజుల్లో పాట కట్టారు. గోరటి వెంకన్న గారు మా పాలమూరు మాటతోనే కేంద్ర సాహిత్య అకాడమీ దాకా పోయారు, 2021 అవార్డు. వాళ్ల ముందు కూర్చున్నవాళ్లెవరు? ఆ మాట మాట్లాడేవాళ్లు. నువ్వు ఆ మాట తెలియనివాళ్ల ముందు కూర్చుని ఎందుకు అర్థం కాలేదని ఏడుస్తున్నావు. సిటీ అంటే జూబ్లీహిల్స్ ఒక్కటేనా? కట్టడాల దగ్గర చూడు, ఆటోల దగ్గర చూడు, అశోక్‌నగర్ హాస్టళ్లలో చూడు, సగం మంది మనోళ్లే.


మిర్యాలగూడ_మిల్లు
సోమవారం, రాత్రి 10:02

ధోవతి మీద ఒక పాట కట్టు అన్నా, నేను స్పాన్సర్ చేస్తా. రెండు బస్తాల బియ్యం.


పాత_ఆర్కెస్ట్రా_సూర్యాపేట
మంగళవారం, ఉదయం 6:30

సిర్ర బాబూ, మొగులయ్య గారి మాటతో నా నోరు మూయించావు. నేను చెప్పింది నా అనుభవం. మా పన్నెండు మందిలో ఇప్పుడు క్లారినెట్ అతను ఒక అపార్టుమెంటులో వాచ్‌మన్. సరే, తీసుకోమన్న మాట వెనక్కి తీసుకోను గానీ ఆ "రాయల్టీ అడగను" లైను కొట్టేయించి తీసుకో.


లాస్ట్_బస్_జడ్చర్ల
మంగళవారం, రాత్రి 11:30

డబ్బుల మాట వచ్చింది కాబట్టి దాచకుండా చెప్తా, ఎందుకంటే కొత్తగా వచ్చేవాళ్లకు ఇది ఎవరూ చెప్పరు. పోయిన నెల నాకు మ్యూజిక్ మీద వచ్చిందాంట్లో ముప్పావు వంతు కవర్లు వాయిస్తే వచ్చింది. మిగతాది ఇద్దరు పిల్లలకు బేస్ నేర్పితే వచ్చింది. మా సొంత పాటల మీద స్ట్రీమింగ్‌లో వచ్చింది బిర్యానీకి కూడా చాలదు. పైగా 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాటను ఏడాదిలో కనీసం 1000 సార్లు వినకపోతే దానికి లెక్కే కట్టరు. మా పాటల్లో ఒకటి 640 దగ్గర ఆగింది, అందులో 200 మా అమ్మే అని నా అనుమానం, ఫోన్ ఆన్ చేసి పెట్టి వంట చేసుకుంటుంది.

అందుకే ఉద్యోగం వదలకు తమ్మీ. ఉద్యోగం ఉంటే చానెల్ వాడికి "వద్దు" అనే మాట నోట్లోంచి వస్తుంది. అది లేనప్పుడు నేను అన్నిటికీ సరే అన్నా.

దేవరకొండ చెల్లె అన్నది రెండు రోజులుగా బుర్రలో తిరుగుతోంది. ఆగలేనివాళ్ల ముఖం ఎలా గుర్తుంటుంది అన్నావు చూడు. మా మొదటి బ్యాండులో ఒక అమ్మాయి కీబోర్డు వాయించేది, షో అవగానే వెళ్లిపోయేది, మేం పొగరు అనుకునేవాళ్లం.


వనపర్తి_ఖాతా
బుధవారం, ఉదయం 8:05

చిన్న మాట, కార్పొరేట్ షోలు చేసేవాళ్లకు. ప్రొఫెషనల్ ఫీజు కింద 10 శాతం టీడీఎస్ పట్టుకుని ఇస్తారు. అది పోయిన డబ్బు కాదు, రిటర్న్ వేస్తే వెనక్కి వచ్చే అవకాశం ఉంది. మ్యూజిషియన్లలో సగం మంది పాన్ నంబర్ ఇచ్చి మర్చిపోతారు.


దేవరకొండ_కోట
బుధవారం, సాయంత్రం 5:45

సిర్ర అన్న అశోక్‌నగర్ అన్నప్పటి నుంచి ఒక ఆలోచన. మా చెల్లెలు అక్కడే గ్రూప్స్‌కు చదువుతోంది. పొద్దున సిటీ సెంట్రల్ లైబ్రరీ, రాత్రి హాస్టల్, ఆదివారం మేడ మీద బట్టలు ఉతుక్కోవడం. ఆ మేడ మీద ఆదివారం సాయంత్రం ఆరింటికి పాడితే? ఎనిమిదిన్నరకు బంద్. ఎవరి బస్సు వాళ్లకు దొరుకుతుంది. హాస్టల్ ఓనర్‌ను చెల్లెలు అడిగింది, గోల లేకపోతే సరే అన్నాడట. టికెట్ లేదు, ఒక డబ్బా పెడదాం. ధోవతి అవసరం లేదు.


సౌండ్‌చెక్_కల్వకుర్తి
బుధవారం, సాయంత్రం 6:00

చిన్న స్పీకర్ ఒకటి, రెండు మైకులు నేను తెస్తా. మేడ మీద అంతకంటే అవసరం లేదు. తమ్మీ, బ్యాటరీ మార్చు.


పానగల్_గిటార్
ఆదివారం, రాత్రి 11:55 (పద్దెనిమిది రోజుల తర్వాత)

ఇవాళ అయింది. రాలేనివాళ్ల కోసం రాస్తున్నా.

నలభై మంది దాకా వచ్చారు, సగం మంది చేతుల్లో కరెంట్ అఫైర్స్ పుస్తకాలే. దేవరకొండ అక్క హమ్మింగ్‌తో మొదలుపెట్టింది, తీగల మీద బట్టలు ఆరేస్తున్న పిల్ల బకెట్ పక్కన పెట్టి అక్కడే కూర్చుంది. నేను మూడోది. చేతులు వణికాయి. "బత్తాయి" అన్నా. ఎవరూ నవ్వలేదు. రెండో చరణం కూడా అయింది. బాటసింగారం లైను దగ్గర వెనక నుంచి ఒకతను చెయ్యి ఎత్తాడు, క్లాసులో ఎత్తినట్టు. నేను ఆగిపోయా. "అన్నా, లోడు డజన్లలో చెప్పినవు, మార్కెట్ల టన్ను లెక్క. మా మేనమామ అక్కడ హమాలీ" అన్నాడు. అప్పుడు నవ్వారు, నేను కూడా నవ్వా. నాయన లారీ మీద ఎన్నిసార్లు ఎక్కి కూడా డజన్లు అని ఎలా రాశానో, ప్రాస కోసం కక్కుర్తి. మార్చి మళ్లీ పాడా. వీడియో నాయనకు పంపితే "టన్నే" అని ఒక్క మాట పెట్టాడు.

డబ్బాలో 1,860 వచ్చాయి. సమోసాలకు, ఆటోకు పోగా మనిషికి 140. చానెల్ వాళ్లకు లైసెన్స్ మాట చెప్పా, ఆలోచిస్తాం అన్నారు, మళ్లీ ఫోన్ లేదు. 15 వేలు అప్పుడప్పుడు గుర్తుకొస్తున్నాయి, రావట్లేదని చెప్పను.


సౌండ్‌చెక్_కల్వకుర్తి
సోమవారం, ఉదయం 9:10

బాగా జరిగింది. ఒక్కటే లోటు, సిర్ర అన్న డప్పు. సాయంత్రం వాన తుంపరకు చర్మం మెత్తబడి దబదబ అంది. ఫైబర్ డప్పు తెచ్చుకుంటే ఈ గొడవ ఉండదు కదా అన్నా, పానా పెట్టి బిగిస్తే సరిపోతుంది.


సిర్ర_సిటికెన
సోమవారం, మధ్యాహ్నం 12:40

ఫైబర్ డప్పు మీద కొడితే ప్లాస్టిక్ బకెట్ మీద కొట్టినట్టు ఉంటుంది, అది నాకు చెప్పకు. తోలు డప్పును మంట మీద కాచాలి, అంతే. మేడ మీద గడ్డి మంట పెడతానంటే ఓనర్ నా వైపు ఎట్లా చూశాడో అందరూ చూశారు. వచ్చే నెలకు మంట లేకుండా ఏదైనా ఉపాయం చెప్పండి. ఎవరి దగ్గరైనా హెయిర్ డ్రయ్యర్ ఉందా?


దేవరకొండ_కోట
సోమవారం, మధ్యాహ్నం 12:55

నా దగ్గర ఉంది. కానీ అన్నా, మళ్లీ నాకు ఇవ్వాలి. పోయినసారి తీసుకున్న గిటార్ కేపో ఇంకా మీ దగ్గరే ఉంది.